డాక్టర్ మేరీ గ్లౌరీ: గుంటూరు సేవ నేర్పిన పాఠం

(మన సంఘం వార్షిక కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి నన్ను "దైవభక్తి - పేదల సేవ" అనే అంశం మీద మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. పెద్ద అంశం. వేదాంతం చెప్పే అర్హత నాకు లేదు. సర్వీసంతా గుమస్తాగా ఫైళ్లు నడిపినవాణ్ణి. అంచేత ఫైలు పెట్టే పద్ధతిలోనే ఒక మనిషి జీవితాన్ని తేదీలతో సహా మీ ముందు ఉంచుతాను. దాన్నిబట్టి తేలే విషయం ఏమిటో చివర్లో మనవి చేస్తాను.

ఆ మనిషి పేరు డాక్టర్ మేరీ గ్లౌరీ. పుట్టింది ఆస్ట్రేలియాలో. ముప్పై ఏడేళ్లు పనిచేసింది మన గుంటూరులో. కతోలిక మఠంలో చేరిన కన్యాస్త్రీ. సన్యాసం పుచ్చుకున్న తర్వాత కూడా డాక్టరుగా పనిచేయటానికి సాక్షాత్తు పోపుగారి దగ్గర అనుమతి పొందిన మనిషి. కతోలిక సంఘంలో కన్యాస్త్రీగా ఉంటూ వైద్యవృత్తి చేసిన మొట్టమొదటి డాక్టరు ఆమేనని చెబుతారు. గుంటూరులో సెయింట్ జోసఫ్ ఆసుపత్రి తెలియనివారు తక్కువ. ఆ ఆసుపత్రిని పెంచి పెద్దచేసిన డాక్టరమ్మ పేరు తెలిసినవారు మాత్రం నేటి తరంలో ఎక్కువమంది కనిపించరు.

ముందు ఆ రోజుల సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే ఆడ డాక్టరు రావటం ఎంత పెద్ద విషయమో మన మనవలకు అర్థం కాదు.

మా నాయనమ్మ మా తాతగారికి రెండవ భార్య. మొదటి భార్య తొలికాన్పులోనే పోయింది. రెండు రోజులు నొప్పులు పడిందట. మంత్రసాని తనకు తెలిసినదంతా చేసింది. పట్నంలో డాక్టరున్నాడు, కాని మగవాడు. మగడాక్టరు పురిటిగదిలోకి రావటానికి ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. మూడోరోజు తెల్లవారేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ లేరు. ఈ సంగతి మా నాయనమ్మే నాకు చెప్పింది. "ఆవిడ బతికుంటే నేను ఈ ఇంటికి వచ్చేదాన్నే కాదు, నువ్వూ ఉండేవాడివి కాదురా" అనేది. ఈ సభలో ఉన్న పెద్దవాళ్లు తమ ఇళ్లలో వాకబు చేస్తే ఇలాంటి కథ ఒకటైనా దొరుకుతుంది. అందులో ఎవరినీ తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఆనాటి మర్యాద అది. మర్యాద నిలవాలి, ప్రాణమూ దక్కాలి అంటే ఒకటే దారి. ఆడ డాక్టరు కావాలి.

ఈ అవసరాన్ని గుంటూరులో ముందుగా గుర్తించి పనిచేసినవారు డాక్టర్ అన్నా కుగ్లర్. ఆమె అమెరికా లూథరన్ మిషన్ తరఫున 1883లో గుంటూరు వచ్చారు. 1898లో ఆడవారికీ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు. నేటికీ దాన్ని కుగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తున్నాం. ప్రొటెస్టెంటు మిషన్లలో లేడీ డాక్టర్లు పనిచేయటానికి అడ్డు లేదు. కతోలిక మఠాల సంగతి వేరు. అక్కడ ఒక రూలు అడ్డం వచ్చింది.

ఆ రూలు చాలా పాతది. సన్యాస ప్రమాణాలు తీసుకున్నవారు వైద్యవృత్తి చేయకూడదు. కన్యాస్త్రీలు రోగులకు సపర్యలు చేయవచ్చు, మందులు అందించవచ్చు. డాక్టరుగా చికిత్స చేయటానికి, మరీ ముఖ్యంగా పురుళ్లు పోయటానికి వీల్లేదు. అది వారి బ్రహ్మచర్య వ్రతానికి తగదని ఆనాటి భావన. యూరపులో పట్నానికి పదిమంది డాక్టర్లున్నచోట ఆ రూలు వల్ల పెద్ద నష్టం లేదు. కాని మగడాక్టరును గుమ్మంలోకి రానివ్వని మన దేశంలో దాని ఫలితం ఏమిటో మా తాతగారి ఇంటి కథే చెబుతుంది.

ఈ రూలు మీద మొదట అర్జీ పట్టుకుని తిరిగిన మనిషి డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్. స్కాట్లండు దేశస్థురాలు, 1837లో పుట్టారు. అక్కడి విశ్వవిద్యాలయాలు ఆడవారికి వైద్యవిద్య చెప్పని రోజులు. ఫ్రాన్సు వెళ్లి మాంపెలియేలో చదివి డాక్టరయ్యారు. అరవై దాటిన వయసులో కతోలిక మతం పుచ్చుకున్నారు. డెబ్బై దాటిన వయసులో, నేడు పాకిస్తానులో ఉన్న రావల్పిండిలో ఆడవారికి ఆసుపత్రి పెట్టించటానికి పూనుకున్నారు. ఆసుపత్రి వచ్చింది గాని అందులో నిలిచి పనిచేసే లేడీ డాక్టర్లు దొరకలేదు. కన్యాస్త్రీలకు అనుమతి ఇవ్వండని రోముకు పలుమార్లు వెళ్లి విన్నవించుకున్నారు. జవాబు రాకుండానే 1913లో కన్నుమూశారు. మన భాషలో చెప్పాలంటే ఫైలు పెండింగులో పడింది.

ఆమె గురించి రాసిన ఒక చిన్న పుస్తకం 1915లో మెల్‌బోర్న్ నగరంలో మేరీ గ్లౌరీ చేతిలో పడింది.

మేరీ 1887 జూన్ 23న విక్టోరియా రాష్ట్రంలో బిరెగుర్రా అనే ఊళ్లో పుట్టారు. ఐరిష్ మూలాలున్న కుటుంబం. తొమ్మిదిమంది పిల్లలు. ప్రతిరాత్రీ ఇంటిల్లపాదీ కూర్చుని జపమాల చెప్పుకునేవారు. దానికి తోడు మంచి గురువుల కోసం, మంచి డాక్టర్ల కోసం ప్రత్యేకంగా ఒక ప్రార్థన చేసేవారట. ఆ పిల్ల స్కాలర్‌షిప్పుతో చదువుకుంది. మొదట ఆర్ట్స్ డిగ్రీలో చేరినా తర్వాత వైద్యానికి మారి, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం నుంచి 1910లో డాక్టరుగా బయటికి వచ్చింది. న్యూజిలాండులో కొంతకాలం పనిచేసి తిరిగి మెల్‌బోర్న్ వచ్చి, కళ్లు చెవుల ఆసుపత్రిలోనూ, సెయింట్ విన్సెంట్ ఆసుపత్రిలోనూ పనిచేశారు. నగరంలో పెద్ద డాక్టర్లుండే కాలిన్స్ వీధిలో సొంత ప్రాక్టీసు పెట్టారు. 1916లో అక్కడి కతోలిక మహిళలు ఒక సంఘం పెట్టుకుంటే దానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. పేరు, డబ్బు, పలుకుబడి ఏదీ తక్కువ కాలేదు. సేవకు వచ్చేవారంతా బతుకులో ఏమీ దొరకనివారే అని మనలో కొందరికి ఒక అభిప్రాయం ఉంది. ఈ ఒక్క ఉదాహరణ చాలు, అది సరికాదని చెప్పటానికి.

ఆ చిన్న పుస్తకం చదివాక తన పని ఇండియాలోనే అని ఆమెకు తోచింది. కాని మర్నాడే పెట్టె సర్దుకోలేదు. ఇక్కడే మనం గమనించవలసిన విషయం ఉంది. నాలుగేళ్లు ఆగారు. ఆగటమంటే ఊరికే కూర్చోలేదు. ఇండియాలో ఆడవారికి ఏ వైద్యం ఎక్కువ అవసరమో చూసుకుని మళ్లీ పుస్తకాలు పట్టారు. కాన్పులు, స్త్రీల వ్యాధులు, కంటివైద్యం ఈ మూడింటిలో పైచదువు చదివి 1919లో ఎం.డి. పట్టా పుచ్చుకున్నారు. 1920 జనవరిలో ఓడెక్కారు. అదే సంవత్సరం ఫిబ్రవరి 12న గుంటూరులో దిగారు. అప్పటికి ఆమె వయసు 32 సంవత్సరాలు.

గుంటూరులో ఆమె చేరింది జె.ఎం.జె. కన్యాస్త్రీల మఠంలో. జీసస్, మేరీ, జోసఫ్ అనే పేర్ల మొదటి అక్షరాలు అవి. 1822లో హాలెండులో ఏర్పడిన సభ అది. ఆ డచ్చి సిస్టర్లు మన దేశానికి, గుంటూరుకు 1904లోనే వచ్చారు. చిన్న మందుల కొట్టంలో రోగులను చూస్తూ డాక్టరు కోసం ఎదురుచూస్తున్నారు. అప్పటి పోపు పదిహేనవ బెనెడిక్టు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. కన్యాస్త్రీగా ఉంటూనే ఈమె డాక్టరుగా పనిచేయవచ్చునని. సర్వీసులో మనం దీన్నే రూలు సడలింపు అనేవాళ్లం. రూలు పోలేదు, ఒక్క మనిషికి సడలించారు. ఆమె మఠంలో పెట్టుకున్న పేరు తిరుహృదయ సిస్టర్ మేరీ.

ఆ సంవత్సరాలు ఎలాంటివో గుంటూరు జిల్లావారికి చెప్పనక్కరలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో చీరాల-పేరాల ఉద్యమం. ఆ తర్వాత పర్వతనేని వీరయ్య చౌదరిగారు నడిపిన పెదనందిపాడు పన్నుల నిరాకరణ. తెల్లదొరతనం మీద జిల్లా అంతా తిరగబడుతున్న రోజుల్లో ఒక తెల్లజాతి స్త్రీ వచ్చి ఇక్కడ మందులపెట్టె తెరిచింది. పుస్తెలు అమ్మి పన్ను కట్టమన్నా కట్టబోమన్న జిల్లాలోనే, బిడ్డ అడ్డం తిరిగిన తల్లిని బండిలో వేసుకుని ఆవిడ దగ్గరికి తీసుకువెళ్లారు. జనానికి దొరతనం వేరు, డాక్టరమ్మ వేరు.

మందుల కొట్టం ఆసుపత్రి అయింది. అదే సెయింట్ జోసఫ్ ఆసుపత్రి. తొలి సంవత్సరాల్లో ఆమె ఒక్కరే డాక్టరు. వచ్చేవాళ్లను చూడటం, పల్లెలకు వెళ్లటం, కళ్ల ఆపరేషన్లు, కాన్పులు. ఒక్క మనిషి ఎంత చేసినా కొంతే. ఆ సంగతి ఆమె తొందరగానే గ్రహించారు. ఇక్కడి ఆడపిల్లలను చేరదీసి కాంపౌండరు పని, మంత్రసాని పని, నర్సు పని నేర్పించటం మొదలుపెట్టారు. నా దృష్టిలో ఆమె చేసిన ఆపరేషన్లన్నీ ఒక ఎత్తు, ఈ నేర్పటం ఒక ఎత్తు. బాగుచేసిన రోగి బాగుపడి ఇంటికి పోతాడు. పని నేర్చుకున్న పిల్ల మరో వెయ్యిమందిని చూస్తుంది.

మరి ఆ పాత రూలు ఏమయింది? ఒక్కరికి ఇచ్చిన సడలింపుతో కథ ముగియలేదు. మెక్‌లారెన్ గారు పెట్టించిన రావల్పిండి ఆసుపత్రికి 1920లోనే ఆస్ట్రియా దేశస్థురాలు డాక్టర్ అన్నా డెంగెల్ వచ్చారు. నాలుగేళ్లు పనిచేసి, వైద్యం కోసమే ఒక కతోలిక మహిళా సభ కావాలని నిశ్చయించుకుని 1925లో అమెరికాలో మెడికల్ మిషన్ సిస్టర్స్ అనే సభ పెట్టారు. రూలు అడ్డం ఉంది గనుక మొదట్లో పూర్తి సన్యాస ప్రమాణాలు లేకుండానే ఆ సభ నడిచింది. ఇటు గుంటూరులో గ్లౌరీ, అటు డెంగెల్, ఇంకా పలుచోట్ల పలువురు చేసి చూపిన పని చివరకు రోము మనసు మార్చింది. 1936 ఫిబ్రవరిలో ఉత్తర్వు వచ్చింది. మిషన్ దేశాల్లో కన్యాస్త్రీలు కాన్పులతో సహా అన్ని రకాల వైద్యమూ చేయవచ్చు. చేయవచ్చు అనటమే కాదు, తగిన చదువు చదివి పట్టాలు పుచ్చుకోవాలని కూడా అందులో ఉంది. మెక్‌లారెన్ గారు పోయిన 23 ఏళ్లకు ఆమె అర్జీ మంజూరయింది.

ఆ మంజూరు ఫలితం ఎంతదూరం వెళ్లిందో ఒక్క ఉదాహరణ చెబుతాను. 1948లో కలకత్తాలో ఒక బడిపంతులమ్మ, లొరెటో మఠపు సిస్టరు, మఠం విడిచి పేటల్లో పేదల మధ్య పనిచేయటానికి సిద్ధమయ్యారు. ముందు రోగులను చూసే పద్ధతి నేర్చుకోవాలని పాట్నా వెళ్లి కొన్ని నెలలు శిక్షణ పొందారు. ఆ శిక్షణ ఇచ్చినది డెంగెల్ గారి మెడికల్ మిషన్ సిస్టర్లే. ఆ పంతులమ్మే మదర్ థెరిసా. 1950లో ఆమె సొంత సభ ఏర్పడింది, 1979లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ సంగతులు అందరికీ తెలుసు. పనిలోకి దిగే ముందు ఆమె కూడా విద్యార్థిగా కూర్చున్నారన్న సంగతి మాత్రం అందరూ మరచిపోతారు.

మళ్లీ గుంటూరుకు వద్దాం. 1943 నాటికి మేరీ గ్లౌరీకి 56 ఏళ్లు. మనమైతే రిటైర్‌మెంటు బెనిఫిట్ల లెక్క చూసుకునే వయసు. ఆ సంవత్సరం ఆమె దేశంలోని కతోలిక ఆసుపత్రులన్నిటినీ ఒక సంఘంగా కలిపారు. ఒంటరిగా ఎక్కడి ఆసుపత్రి అక్కడ నడిస్తే మందులకూ ఇబ్బందే, నర్సుల చదువుకూ ఇబ్బందే, వైద్యంలో న్యాయాన్యాయాల మాట చెప్పుకోవటానికీ ఇబ్బందే. మొదట కొద్దిమంది సిస్టర్లతో మొదలైన ఆ సంఘమే నేడు కతోలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. దాని కేంద్ర కార్యాలయం మన సికింద్రాబాదులోనే ఉంది. దేశం మొత్తం మీద 3,000కు పైగా ఆసుపత్రులు, ఆరోగ్య కేంద్రాలు, సంస్థలు అందులో ఉన్నాయి. పట్నాల్లో ఉన్నవాటికంటే డాక్టరు మొహం చూడని మారుమూల పల్లెల్లో సిస్టర్లు నడిపే చిన్న డిస్పెన్సరీలే వాటిలో ఎక్కువ.

ఒక కతోలిక వైద్య కళాశాల కూడా రావాలని ఆమె కోరుకున్నారు. అది చూడకుండానే, క్యాన్సర్ బాధ పడి, 1957 మే 5న బెంగుళూరులో కన్నుమూశారు. అప్పటికి 69 ఏళ్లు. 1920లో ఓడ దిగిన తర్వాత మళ్లీ స్వదేశం వెళ్లలేదు. ఆమె పోయిన ఆరేళ్లకు, 1963లో, బెంగుళూరులో సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ మొదలయింది. 2013లో కతోలిక తిరుసభ ఆమెను దైవ సేవకురాలుగా ప్రకటించింది. వారి పద్ధతిలో పునీతుల పట్టానికి నడిచే దారిలో అది మొదటి మెట్టు.

ఇక్కడ మీలో కొందరికి ఒక ప్రశ్న వస్తుంది. వాళ్లు మందు ఇవ్వటానికి వచ్చారా, మతం ఇవ్వటానికి వచ్చారా అని. ప్రశ్న అడగటంలో తప్పు లేదు. సేవను మతమార్పిడికి సాధనం చేయకూడదని గాంధీగారు మిషనరీల ముఖం మీదే పదేపదే చెప్పారు. నేను ఆ మతస్థుణ్ణి కాను గనుక, వారి తరఫున వకాల్తా పుచ్చుకోవలసిన అవసరం నాకు లేదు. ఉన్నమాట చెబుతాను. మేరీ గ్లౌరీ తన విశ్వాసాన్ని దాచుకోలేదు. ఆ విశ్వాసం లేకపోతే ఆమె మెల్‌బోర్న్ వదిలేదే కాదు. రోగిని చూసినవాడు నన్ను చూసినట్టేనని క్రీస్తు చెప్పాడని మత్తయి సువార్తలో ఉంది. ఆమె ఆ మాటను అక్షరాలా నమ్మారు. మనవాళ్లు మానవసేవే మాధవసేవ అంటారు. నమ్మేవారికి ఈ రెండు మాటలకూ మధ్య దూరం అంతగా లేదు.

మా చెల్లెలు 1950ల్లో ఒక మిషన్ ఆసుపత్రిలోనే పుట్టింది. మా ఇల్లు నిత్యపూజ జరిగే ఇల్లు. నెలరోజులు పోయాక ఇరుగుపొరుగువారు "వాళ్ల ఆసుపత్రికి వెళ్లావు, నీళ్లు చల్లారా ఏమిటి?" అని మా అమ్మను మేలమాడారట. "కాళ్లు చల్లబడితే వేణ్ణీళ్ల సీసా పెట్టారు. ఆ నీళ్లే నాకు తెలుసు" అన్నది మా అమ్మ. ఆ తర్వాత ఆమె తులసికోటకు మొక్కటం మానలేదు. మా చెల్లెలికి జ్వరం వస్తే ఆ ఆసుపత్రికి తీసుకువెళ్లటమూ మానలేదు. ఎక్కడైనా సేవ పేరుతో పేదవాడి అవసరాన్ని బేరం పెడితే అది తప్పే, ఎవరు చేసినా తప్పే. బేరం లేకుండా చేసినచోట వారి దేవుడి పేరు వేరని మనం చేయి వెనక్కి తీసుకుంటే అది కృతఘ్నత.

ఇక మనవి చేస్తానన్న విషయానికి వస్తాను. ఈ చరిత్రలో నాకు తేలినది ఇది. పేదలకు సేవ చేయాలంటే మంచిమనసు ఒక్కటే చాలదు. మంచిమనసు మా తాతగారి ఇంట్లో లేకపోలేదు, ఆ మంత్రసానికీ లేకపోలేదు. మేరీ గ్లౌరీ మొదట విద్య నేర్చుకున్నారు, అడ్డం వచ్చిన రూలుకు పద్ధతిగా అనుమతి తెచ్చుకున్నారు, తర్వాత తన విద్య ఇతరులకు నేర్పి సంస్థగా నిలబెట్టారు. భక్తి ఆమెను బయలుదేరదీసింది. ఆ పనిని ఆమె తర్వాత కూడా నిలబెట్టినది ఈ మూడే.

మన వయసులో డెబ్బై దాటాక ఇప్పుడు మనం ఏం చేయగలమని అడుగుతారు. డాక్టరమ్మ విద్య వైద్యం. మన విద్య ఏమిటి? కాగితం. మన సర్వీసంతా ఆ విద్యతోనే గడిచింది. భర్త పోయిన మనిషి ఫ్యామిలీ పెన్షను కోసం ఏ కాగితం ఎక్కడ పెట్టాలో తెలియక నెలల తరబడి తిరగటం మనం చూస్తూనే ఉన్నాం. ఏటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్టు అందక పింఛను ఆగిపోయిన మంచంపట్టిన వృద్ధులున్నారు. పెద్దాసుపత్రిలో ఓ.పి. చీటీ ఏ కిటికీలో ఇస్తారో తెలియక పల్లెనుంచి వచ్చినవాళ్లు పొద్దుటినుంచి నిలబడి ఉంటారు. ఇవి మనకు చేతనైన పనులు. దానికి ఓడెక్కనక్కరలేదు, ఆటో ఎక్కితే చాలు.

అంచేత మన సంఘానికి మూడు సూచనలు చేస్తున్నాను. ఒకటి, వారానికి ఒకరోజు మన కార్యాలయంలో ఇద్దరు సభ్యులు కూర్చుని, సభ్యులు కానివారికి సైతం, అర్జీలు రాసిపెట్టాలి. రూపాయి తీసుకోరాదు. రెండు, ఓపిక ఉన్నవారు నెలకు ఒకసారి పెద్దాసుపత్రి ఓ.పి. దగ్గర వంతులవారీగా నిలబడి దారి చూపించాలి. మూడవది అన్నిటికంటే ముఖ్యం. ఈ పని మనతో ఆగిపోకుండా మన పిల్లల్లో, కోడళ్లలో, మనవల్లో ఒక్కొక్కరికి నేర్పాలి. కొత్తగా వచ్చిన ఆన్‌లైను దరఖాస్తుల విద్య వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాలి. నేర్చుకోవటానికి వయసు అడ్డు కాదు. మెక్‌లారెన్ గారు డెబ్బై దాటాక ఆసుపత్రి పనికి పూనుకున్నారు, మనకు ఒక దరఖాస్తు ఫారం కష్టమా?

ఈ సూచనలను వచ్చే కార్యవర్గ సమావేశంలో చర్చకు పెట్టవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను. మొదటి వారం కార్యాలయంలో కూర్చునే ఇద్దరిలో ఒకరుగా నా పేరు రాసుకోవచ్చు.